కాగితం తల మీద రెండంకె

మా కోడలు కుప్పం పిల్ల. తెలుగు చదవడం రాయడం వచ్చిన మనిషి మా ఇంట్లో అడుగుపెట్టడం తరతరాలకు అదే మొదలు. మేము తమిళనాడులోని ఈ ధర్మపురికి ఎప్పుడొచ్చామో మా పెద్దలకే తెలియదు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం, బడి చదువంతా తమిళంలోనే. తెలుగు అక్షరం ఎదురుగా వచ్చి నిలబడినా నేను గుర్తుపట్టలేను. అట్లాంటిదాన్ని ఇవాళ మీకు తెలుగులో కథ చెబుతున్నానంటే అదంతా ఫోను చలవ. నేను మాట్లాడతాను, అది రాస్తుంది, మా కోడలు చదివి నా యాసకు చిక్కు తీసి జడ వేస్తుంది.

ఆ ఫోనుకు ఒకే లోపం. మాటలన్నీ రాస్తుంది కానీ చుక్క పెట్టదు. ఊపిరాడకుండా పరిగెత్తి వచ్చి చెప్పినట్టు ఉంటుందట నా కథ. మొన్న కోడలు దాన్ని ముందేసుకుని కూర్చుని అడిగింది.

"అత్తా, ఈడ మాట అయిపోయిందా? చుక్క పెట్టేదా?"

"పెట్టు. పెట్టి రెండు ఖాళీలు వదులు."

"రెండేంటికి? ఈ కాలంలో ఒకటే వదిలేది."

"నీ కాలం నీది. నా చుక్కకు రెండు."

నవ్వింది. నవ్వదా మరి! నా కొడుక్కి ఇంగ్లీషు అక్షరాల్లో సొంతంగా వేళ్ళతో కొట్టి మెసేజీ పంపినప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. చుక్క కొట్టి, అలవాటు చొప్పున బొటనవేలితో రెండు ఖాళీలు కొడతాను. రెండు ఖాళీలు కొడితే ఈ ఫోను తనంతట తానే ఇంకో చుక్క పెట్టేస్తుంది. నా ప్రతి మాట చివరా రెండేసి చుక్కలు. అది చూసి నా కొడుకు పనిలో నుంచి ఫోను చేస్తాడు, "ఏమ్మా, ఏదో చెప్పబోయి ఆపేసినావు, ఒంట్లో బాగలేదా?" అని. చుక్కకు అర్థం ఇంత మారిపోతుందని ఎవరు కలగన్నారు?

ఆ రోజు మధ్యాహ్నం నిద్రపట్టలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, ముక్కుకు మిరపకాయల ఘాటు తగిలింది. ఎండుమిరపకాయలు ఆడిస్తున్న వాసన, దాని కింద మిషను నూనె వాసన, ఆ రెండిటి కింద రిబ్బను సిరా వాసన. నలభై ఏళ్ళు దాటినా ముక్కు మరిచిపోలేదు.

మా టైపు ఇన్‌స్టిట్యూటు బస్టాండు వెనక వీధిలో పిండిమిల్లు మీద ఉండేది. చెక్క మెట్లు ఎక్కి పోతే రేకుల కప్పు కింద పన్నెండు మిషన్లు. పొద్దున పూట కింద రాగులు ఆడించేవాళ్ళు. ఆ వెచ్చటి పిండి వాసన నేలచెక్కల సందుల్లో నుంచి పైకి వచ్చి మా కడుపుల్లో ఆకలి లేపేది. పది దాటితే మిరపకాయలు. అప్పుడు చూడాలి మా అవస్థ! పన్నెండు మందిమి ఒకరి తర్వాత ఒకరం తుమ్మేవాళ్ళం. తుమ్ముకో తప్పు అక్షరం. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ఘాటు.

"వేళ్ళు పైకెత్తి తుమ్మండి," అనేవాడు మాస్టరు. "తుమ్మి చెడగొట్టిన కాగితానికి పరీక్షలో మార్కులు వేయరు."

మాస్టరు తమిళాయన. ఆయన మాటలు నేను తెలుగు చేసి చెబుతున్నాను. తెల్ల పంచె, చెవి మీద పెన్సిలు. మా వేళ్ళ వైపు చూసేవాడే కాదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, శబ్దం వినేవాడు. పన్నెండు మిషన్లు ఒక్కసారిగా రేకుల మీద వడగళ్ళు పడినట్టు మోగుతుంటే, ఆ గోలలో ఉన్నట్టుండి "మూడో మిషను! చుక్క తర్వాత ఒకటే విన్నాను" అనేవాడు. మూడో మిషను నాది. ఒట్టు, ఆయన చెవులు మనిషి చెవులు కావు.

చుక్క గురించి ఆయనకో సిద్ధాంతం ఉండేది. "కామా అంటే గడప దగ్గర ఆగి చెప్పులు విడవడం. చుక్క అంటే ఇంట్లోకి వచ్చి కూర్చోవడం. కూర్చున్న మనిషికి చోటు ఇవ్వద్దా? రెండు వదలండి."

అప్పటి మిషన్లకు ఒకటి అంకె ఉండేది కాదు. ఇంగ్లీషు చిన్న ఎల్ కొడితే అదే ఒకటి. ఆశ్చర్యార్థకమూ ఉండేది కాదు. ఎవరైనా ఆశ్చర్యపోవాలంటే ముందు పైన చిన్న గీత కొట్టాలి, ఒక అడుగు వెనక్కి రావాలి, దాని కింద చుక్క కొట్టాలి. అంత కష్టపడి ఆశ్చర్యపోవాలి కాబట్టి మేము తక్కువగా ఆశ్చర్యపోయేవాళ్ళం. మా కోడలు మెసేజీ పెడితే వరసగా ఐదు ఆశ్చర్యాలు. ఇడ్లీకి పప్పు నానబోసిందన్న సంగతికి!

సెమికోలన్ సంగతి ఇంకా విడ్డూరం. కుడిచేతి చిటికెన వేలి కింద ఉండేది అది. మొదటి నెలంతా ఎడమ చేత్తో ఎ, ఎస్, డి, ఎఫ్. కుడిచేత్తో సెమికోలన్, ఎల్, కె, జె. రోజుకు వెయ్యిసార్లు కొట్టాను. అది ఎందుకు వాడతారో తెలియకుండానే కొట్టాను. నా జన్మలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కొట్టింది దాన్నే అయ్యుంటుంది. ఇప్పుడు ఫోనులో అది కావాలంటే ఇంకో తెర తెరిచి వెతుక్కోవాలి.

నాలుగో మిషను మీద నా స్నేహితురాలు. దాని ఇంట్లోనూ తెలుగే. మాస్టరు కళ్ళు మూసుకుని ఉంటాడు కదా అని మేమిద్దరం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టి కాగితాలు మార్చుకునేవాళ్ళం. చదవడానికి మాకు వేరే లిపి రాదు మరి. ఒకరోజు నేను "సార్ పంచె జారుతోంది, చూడు" అని కొట్టాను. కాగితం లాగబోయేటప్పటికి ఆయన కళ్ళు తెరిచాడు. వచ్చి తీసుకున్నాడు. ఏదో లాయర్లు వాడే లాటిన్ అనుకున్నాడో ఏమో, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. "సార్... పం... చె... జా... రు... తోం... ది..." నాలుగో మిషను పిల్ల నవ్వాపుకోలేక బల్ల కిందికి పోయింది. ఆయనకు తెలుగు రాకపోయినా నవ్వుల దారి తెలుసు. నెమ్మదిగా కిందికి చూసుకుని, పంచె బిగించుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ రోజంతా నా చెవులు కాలుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఇక్కడి మా పిల్లలందరూ తెలుగును అట్లానే రాసుకుంటున్నారు, ఎవరూ తిట్టడం లేదు.

సరే, నవ్వులు అట్లా ఉంచండి. ఆ మిషను ముందు నేను కూర్చోవడానికి వెనక ఉన్న సంగతి నవ్వేది కాదు.

మా నాయన కొత్తనారు, అంటే ఇటుకలు పేర్చే తాపీ మేస్త్రీ. అమ్మ సిత్తాలు. సున్నం, సిమెంటు కలిపిన తట్టను నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కి అందించే ఆడవాళ్ళను మా వైపు అట్లా అంటారు. ఒక కొత్తనారుకు ఇద్దరు సిత్తాళ్ళు ఉండాలి. అది ఆ పని లెక్క. ఆ ఏడు మామిడికాయల కాలం ముగిసినాక బెంగుళూరులో పెద్ద కట్టడానికి జట్టు పోతోంది. జట్టు పెద్ద మా ఇంటికి వచ్చి గడపలో కూర్చుని నా వైపు చూశాడు.

"నీకు రెండో సిత్తాలు ఇంట్లోనే ఉందే," అన్నాడు నాయనతో.

నాకు పదిహేడేళ్ళు. పదో తరగతి ముగించి, అమ్మ పట్టుదల మీద టైపుకు పోతున్నాను. కోర్టు దగ్గర ఒక వకీలు, టైపులో లోయరు గ్రేడు పరీక్ష పాసయిన ఆడపిల్ల ఉంటే తీసుకుంటానని మాస్టరుతో చెప్పి ఉన్నాడు. అమ్మ ఆశంతా ఆ ఒక్క మాట మీదే.

"పరిచ్చ రాయనీ," అంది అమ్మ. "దాని చేతులు చూడు. ఈ చేతులు తట్ట పట్టేవి కాదు."

"నీ చేతులు మాత్రం తట్ట పట్టేదానికే పుట్టినాయా?" అన్నాడు నాయన. మంచివాడే, కానీ లోకం తెలిసిన మనిషి. మళ్ళీ తనే, "ఒక్క తూరి రాయనీ. తప్పితే మాతో వస్తుంది. మళ్ళా నన్ను అడగద్దు," అన్నాడు.

ఆ రోజు నుంచి అమ్మ నన్ను బిందె ఎత్తనివ్వలేదు. రుబ్బురోలు ముట్టనివ్వలేదు. సంకటి తానే కెలికేది. నేను వేడి సంకటి ముద్దలో వేలు పెడితే "కాల్చుకోవద్దే, ఆ వేళ్ళే మనకు దిక్కు" అని అరిచి, చల్లార్చి, చెనిక్కాయల ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టేది. పదిహేడేళ్ళ ఆడదానికి! మా అవ్వ మూలన కూర్చుని "బిడ్డను కనింది కాదు, మిషనును కనింది" అని ఎగతాళి చేసేది.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి. మీ వైపు కాగితం తల మీద శ్రీకారం చుట్టినట్టు, తమిళదేశంలో ఏది రాసినా ముందు పిళ్ళయార్ సుళి వేస్తారు. వినాయకుడి గుర్తు. తమిళ ఉ అక్షరంలా ఒక సుడి, దాని కింద గీత. కిరాణా చీటీ రాసినా ముందు అదే. ఇంగ్లీషు మిషనులో ఆ అక్షరం ఎక్కడుంటుంది? అందుకని మా ఇన్‌స్టిట్యూటులో ఒక వాడుక పుట్టింది. రెండంకె కొట్టి, ఒక అడుగు వెనక్కి వచ్చి, దాని కింద గీత కొట్టేవాళ్ళం. అచ్చం పిళ్ళయారే! అభ్యాసం కాగితాలు అన్నిటి తల మీదా అది ఉండేది. మాస్టరు కూడా వేసేవాడు.

ఒకరోజు అమ్మ పని నుంచి నేరుగా, కాళ్ళకు సిమెంటుతోనే, సంకటి గిన్నె తీసుకుని మెట్లెక్కి వచ్చింది. నా కాగితం చూసింది. ఆమెకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. కానీ పైన ఉన్న గుర్తు మీద వేలు పెట్టి, "ఓయమ్మా! ఇది నాకు తెలుసే! పిళ్ళయార్!" అని కేకేసింది. కట్టడం మొదలుపెట్టే రోజు మొదటి ఇటుక మీద సున్నంతో అది వేసేది అమ్మే. "ఇది వేసిన గోడ పడిపోదు," అంది మాస్టరుతో, తమిళంలో, గొప్పగా. "మీ మిషనుకూ ఇది తెలుసునే!" ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి దేవుడి పటం వెనక దోపింది. తన కూతురు చదివే చదువులో తను చదవగలిగింది ఆ ఒక్కటే.

పరీక్షకు వారం ముందు మాస్టరు అందరినీ నిలబెట్టి చెప్పాడు. "పరీక్ష కాగితం మీద మీ నంబరు తప్ప ఏ గుర్తూ ఉండకూడదు. పేరు వద్దు, దేవుడూ వద్దు. గుర్తు కనిపిస్తే, దిద్దేవాడికి సైగ చేశారని ఆ కాగితాన్ని పక్కన పడేస్తారు. విన్నారా?" విన్నాను. బాగా విన్నాను.

ఆ రోజుల్లో పరీక్షకు మిషను మనమే తీసుకుపోవాలి. ఏ మిషను మీద నేర్చుకున్నామో ఆ మిషనే చేతికి అలవాటు. ఇన్‌స్టిట్యూటు వాళ్ళు ఎద్దుల బండిలో గడ్డి పరిచి మిషన్లన్నీ ఎక్కించి పరీక్ష జరిగే బడికి పంపేవాళ్ళు. అది మా అమ్మకు నచ్చలేదు. "బండిలో అదిరితే దాని పండ్లు వదులవతాయి," అంది. తెల్లవారే సరికి పెళ్ళికి కట్టే చీర కట్టుకుని, చుట్టకుదురు చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. మాస్టరు వద్దన్నాడు. "సార్, దీనికి రెండింతలు నేను రోజూ మోస్తా. ఇది పూలబుట్ట," అంది.

నేనూ మాస్టరూ పట్టి మూడో మిషనును ఆమె నెత్తికెత్తాము. మెడ నిట్టనిలువుగా నిలిచింది. కళ్ళు మాత్రం తిప్పి నన్ను చూసింది.

"పిళ్ళయార్ వేస్తావు కదా?"

నేను వంగి చెప్పు సర్దుకున్నాను.

"ఏమే? వేయకుండా మొదలుపెడితే కూలిపోతుంది. నా తలకాయ మీద ఒట్టు పెట్టు."

తల మీద చెయ్యి పెట్టడానికి చోటెక్కడ? మిషను ఉంది. ఆ మిషను మీదే చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. మాస్టరు అప్పటికే ముందు నడుస్తున్నాడు, వినలేదు.

ఆ నడక నాకు కలలోలాగా గుర్తుంది. చీకటి ఇంకా పూర్తిగా విడవలేదు. పాలకోడు వైపు నుంచి వచ్చిన మామిడి గంపలు బస్టాండులో దింపుతున్నారు, వీధంతా తియ్యటి జీడి వాసన. టీ అంగడి దగ్గర మనుషులు గ్లాసులు చేతిలోనే పెట్టుకుని చూశారు. జరీచీర కట్టుకున్న ఆడమనిషి, నెత్తిన టైపు మిషను, రెండు చేతులూ వదిలేసి నడుస్తోంది! ప్రతి అడుగుకూ లోపల గంట సన్నగా మోగుతోంది. నాకు సిగ్గు వేసింది. చెబుతున్నాను కదా, సిగ్గు వేసింది. నాలుగు అడుగులు వెనక నడిచాను. తర్వాత ఎందుకో సిగ్గు పోయి గర్వం వచ్చింది, పరిగెత్తి పక్కకు చేరుకున్నాను.

హాల్లో కాగితం ఎక్కించాను. పర్యవేక్షకుడు మూలన సంతకం చేసి పోయాడు. మొదటిది వేగం పేపరు, ఈల వేయగానే మొదలుపెట్టాలి, పది నిమిషాలు. కిటికీ బయట, ప్రహరీ గోడ అవతల అమ్మ కూర్చుని ఉంది. చుట్టకుదురు ఇంకా తల మీదే ఉంది, తీయడం మరిచిపోయింది. వేస్తే పరీక్ష పోవచ్చు. వేయకపోతే ఒట్టు తప్పుతుంది, అమ్మ తలకు ఏమవుతుందో! మీరు నవ్వండి. పదిహేడేళ్ళకు నాకు నవ్వు రాలేదు. గోడ పక్కన కట్టే కర్రల సారం మీద ఎక్కి నిలబడే ఆడదాని తల అది, కాలు జారితే ఏముంది?

ఈల వేశారు. నేను రెండంకె కొట్టాను. మెల్లగా, సిరా అంటీ అంటనట్టు. వెనక్కి వచ్చి గీత కొట్టాను. పేజీ నంబరు అనుకుంటారులే అని మనసుకు చెప్పుకున్నాను. మొదటి పేజీకి రెండని ఎవరు వేస్తారే పిచ్చిదానా, అని మనసే జవాబు చెప్పింది. ఆ తర్వాత కొట్టిన పది నిమిషాలు నా జన్మలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. ప్రతి చుక్క తర్వాతా రెండు ఖాళీలు. ఒక్క తప్పు లేదు.

ఫలితాలు రావడానికి రెండు నెలలు పట్టింది. మాస్టరు జాబితా తెచ్చి నన్ను ఒంటరిగా పిలిచాడు. ఉత్తరాలు, పట్టికలు కొట్టే రెండో పేపరు పాసు. వేగం పేపరు ఎదురుగా "రద్దు" అని ఉంది.

"ఏం వేశావు కాగితం మీద?" అన్నాడు.

చెప్పాను. ఒట్టు సంగతీ చెప్పాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "తప్పు నాది. ఆ గుర్తు నేర్పింది నేను," అన్నాడు. గోడకున్న నమూనా కాగితాలన్నీ దించి, తల మీది రెండంకెలు ఒక్కొక్కటే కత్తెరతో కత్తిరించి పడేశాడు. "మీ అమ్మకు నేను చెబుతాను" అని పంచె సర్దుకుని లేచాడు.

నేను మెట్లకు అడ్డం నిలబడ్డాను. "వద్దు సార్. తన ఒట్టు వల్ల పోయిందని తెలిస్తే మా అమ్మ బతకదు."

ఇంట్లో "వేగం చాల్లేదు" అని మాత్రం చెప్పాను. నాయన నా కోసం కూడా ఒక తట్ట కొనుక్కొచ్చి గోడకు ఆనించాడు, అంతే. అమ్మ ఆ తట్టను చూసింది. నన్ను చూసింది. లేచి పోయి ఆ తట్టను తీసి తన తట్టలో దూర్చింది.

"ఇంకొక్క తూరి రాస్తుంది," అంది. "నాలుగు నెల్లకు మళ్ళా పరిచ్చ ఉంది కదా."

"రెండో సిత్తాలుకు ఎక్కడికి పోయేది? జట్టు ఒప్పుకుంటుందా?"

"నేనే రెండోదాన్ని. ఇద్దరి తట్ట నేను మోస్తా. నీ చేతికి సిమెంటు ఆగితే అప్పుడు అడుగు."

నాయన తల పట్టుకున్నాడు. "చచ్చిపోతావే!"

"చావనులే. ఇదేమన్నా కొత్తా నాకు?"

బెంగుళూరు బస్సు దగ్గర నోటిదాకా వచ్చింది నాకు. అమ్మా, నీ కోసమే వేసినాను, వేయకుండా ఉంటే పాసయ్యేదాన్ని. చెబితే పోయిన పరీక్ష వెనక్కి వస్తుందా? ఆమె మెట్టెక్కి కిటికీలో నుంచి తల బయట పెట్టి "అవ్వను చూసుకో. బిందె ఎత్తద్దు, అవ్వ ఎత్తుతుందిలే," అంది. అవ్వ పళ్ళు లేని నోటితో "నా వేళ్ళకు వెలలేదు కదా" అని గొణిగింది. బస్సు పోయింది. నేనూ అవ్వా ఆ పొద్దు అన్నం వండుకోలేదు.

ఆ నాలుగు నెలలూ నేను మనిషిలా లేను. వానాకాలంలో రేకుల మీద వాన, కింద మిల్లు, లోపల మిషన్లు, ఏ శబ్దం ఏదో తెలియనట్టు కొట్టేదాన్ని. మాస్టరు పొద్దుపోయాక కూడా నా ఒక్కదాని కోసం కూర్చునేవాడు, కళ్ళు మూసుకుని. ఇంట్లో అవ్వకు తెలియకుండా నేనే బిందెలు ఎత్తాను, అది వేరే కథ.

రెండో పరీక్షకు మిషను బండిలోనే పోయింది. కాగితం ఎక్కించి, ఈల కోసం ఎదురు చూస్తూ, రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నాను, నాకు తెలియకుండా రెండంకె మీదికి పోతాయేమోనని. ఈల వేశారు. గుర్తు వేయలేదు. నేరుగా మొదటి మాట కొట్టాను. ఒట్టు తప్పాను. ఆ వారమంతా బెంగుళూరు నుంచి ఎవరు వచ్చినా ముందు వాళ్ళ ముఖం చూసేదాన్ని. జట్టులో ఎవరన్నా వచ్చి వాకిట్లో నిలబడి తలొంచుకుంటారేమోనని భయం. ఎవరూ రాలేదు. పాసయ్యాను. వకీలు దగ్గర చేరాను. తొప్పూరు కనుమలో లారీలు బోల్తా పడినప్పుడల్లా ఆయనకు కేసులు, నాకు కాగితాలు. ఆ తర్వాత కరెంటు మిషను వచ్చింది, కంప్యూటరు వచ్చింది, ఒకటికి ఒకటి అంకె వచ్చింది, తప్పు కొడితే చెరిపేసే మీట వచ్చింది. అన్నిటికీ అలవాటు పడ్డాను.

అమ్మా నాయనా తిరిగి వచ్చేసరికి నేను పనిలో చేరి పది రోజులయింది. మరుసటి రోజు ఆదివారం. అమ్మ వాకిట్లో పీట వేసుకుని కూర్చుని తలకు ఆముదం పెట్టమంది. నేను వెనక కూర్చుని కొప్పు విప్పాను.

నడినెత్తిన నా అరచెయ్యంత మేర ఒక్క వెంట్రుక లేదు. చర్మం మడమలా గట్టిపడి ఉంది.

"ఏమే, చెయ్యి ఆగిపోయింది?"

"ఏం లేదమ్మా."

"ఈ తూరి వేసినావా పిళ్ళయార్?"

"వేసినానమ్మా."

"అదీ! అందుకే పాసయినావు." ఆమె మెడ తిప్పకుండానే నవ్వింది. "పోయిన తూరి ఎగ్గొట్టినావు కదూ? నా మీద ఒట్టు వేసి కూడా వేయలేదు కదూ? నిజం చెప్పు."

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. నా వేళ్ళు ఆ నున్నటి చోటు మీదే ఉన్నాయి. ఆముదం అక్కడ ఇంకడం లేదు, పక్కలకు జారిపోతోంది. అక్కడ వేళ్ళు పెట్టుకుని ఆ మాట ఎట్లా చెప్పేది?

"మరిచిపోయినానమ్మా," అన్నాను.

అంతే, మొదలుపెట్టింది! "మరిచిపోయినావా! అంత సామిని మరిచిపోతారటే ఎవరన్నా? నీ మరుపుకు ఆరునెల్లు ఇద్దరి బరువు మోసినానే, మొద్దు ముండా!" వీధిలో నీళ్ళకు పోయే ఆడవాళ్ళను పిలిచి మరీ చెప్పింది, నా బిడ్డకు చదువుంది కానీ భక్తి లేదని. వాళ్ళూ ఆగి నాకు తలా ఒక బుద్ధి చెప్పి పోయారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ కథ అట్లానే చెప్పుకుంది, చివరికి నా పెళ్ళిలో మా అత్తవారికి కూడా. నేను ఎప్పుడూ దిద్దలేదు. ఆ పొద్దు ఎండ వాకిలి దాటి పీట దాకా వచ్చినా ఆమె తిట్టడం ఆపలేదు. నేను తలొంచుకుని, ఆముదం అరచేతిలో పోసుకుని, రాస్తూనే ఉన్నాను.